పుస్తకం మూశాక రాసేది

మీరు రాసిన సారాంశం చదివే మనిషి మూలం చదవడు. చదివే తీరికే ఉంటే మిమ్మల్ని అడిగేవాడే కాదు. అరవై పేజీల నివేదికను ఒక పేజీలో పెట్టి ఇమ్మన్న అధికారి ఆ పేజీ చూసే ఫైలు మీద సంతకం చేస్తారు. కేసు కట్టలోని వాంగ్మూలాలను జూనియర్ రెండు కాగితాల్లోకి దించి ఇస్తే, సీనియర్ లాయరు ఆ రెండు కాగితాలు పట్టుకునే వాదనకు లేస్తారు. పెద్దాసుపత్రి ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో ఏ మందు రాసి ఉంటే ఊళ్లో డాక్టరు ఆ మందే కొనసాగిస్తారు. రాయడం మరిచిపోయిన మందు అక్కడితో ఆగిపోతుంది. ఒకరి మాటను ఇంకొకరికి అందించే పని ఇది. చెప్పిన మనిషికీ, అందుకునే మనిషికీ ఇద్దరికీ మీరు జవాబుదారీ.

అందుకే ఈ అధ్యాయంలో ఎన్ని మాటల్లో రాయాలన్న లెక్కను కొంచెం వెనక్కి జరుపుతున్నాను. కుదించి రాయడం కొద్దిపాటి సాధనతో ఎవరికైనా పట్టుబడుతుంది. ఎదుటివాడు ఏమన్నాడో సరిగ్గా పట్టుకోవడం, అనని మాట అంటగట్టకపోవడం, అన్న మాటను పలచన చేయకపోవడం కష్టం. ఆ కష్టం పడినవాడికి క్లుప్తత చాలావరకు దానంతటదే వస్తుంది.

మనలో చాలామందికి ఈ పని బడిలోనే కొంత పక్కదారి పట్టింది. తెలుగు వాచకంలో పద్యానికి ప్రతిపదార్థం, ఆ తర్వాత తాత్పర్యం రాసి రాసి, చదివినదాన్ని మన మాటల్లోకి మార్చేస్తే పనైపోయిందనుకుంటాం. తాత్పర్యం మంచి సాధనే, కాదనను. అయితే అందులో ఏదీ వదలకూడదు. పద్యంలోని ప్రతి మాటకూ వచనంలో చోటు దొరకాలి. సారాంశంలో చాలా భాగం వదిలేయాలి. ఏది వదలాలో తేల్చుకోవడానికే బుర్ర పెట్టాలి. అది తప్పించుకోవడానికి మనం ఒక పని చేస్తాం: పేరాకో వాక్యం కింద గీత గీసుకుని, గీసినవన్నీ వరసగా ఎత్తి రాసేస్తాం. చూడ్డానికి అది సారాంశంలాగే ఉంటుంది. ఎక్కడ దెబ్బతింటుందో ఒక పేరా పెట్టుకుని చూద్దాం. ఈ అధ్యాయం కోసమే కూర్చిన పేరా ఇది.

"మన ప్రాంతపు చెరువులు చాలావరకు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. ఏళ్ల తరబడి పూడిక తీయకపోతే చెరువు లోతు తగ్గి, నిలిచే నీరు తగ్గుతుంది. అందుకని పూడిక తీయించడం మంచిదే. కానీ పూడిక తీసినంత మాత్రాన చెరువు నిండదు. నీరు తెచ్చే కాలువ ఎక్కడో ఒకచోట పూడిపోయినా, దాని మీద ఇళ్లో ప్లాట్లో వచ్చినా, ఎంత లోతు తవ్వినా పైనుంచి నీరు రాదు. ఒక ఊళ్లో ఎండాకాలమంతా ట్రాక్టర్లతో మట్టి తోలారు. రైతులు ఆ ఒండ్రు పొలాల్లో వేసుకుని సంతోషించారు. వానలు పడి పై చెరువు అలుగు పారుతున్నా ఈ చెరువుకు మాత్రం చుక్క చేరలేదు. కాబట్టి చాలా చోట్ల పూడిక కంటే ముందు కాలువ దారి చూసుకోవాలి."

గీతలు గీసి ఎత్తి రాస్తే ఇలా వస్తుంది: "చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పూడిక తీయకపోతే లోతు తగ్గుతుంది. పూడిక తీయించడం మంచిది. ఒక ఊళ్లో ట్రాక్టర్లతో మట్టి తోలారు. కాలువ దారి కూడా చూసుకోవాలి." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది చదివిన సర్పంచి నేరుగా జేసీబీకి కబురు పెడతాడు. మూలం రాసిన మనిషి వద్దన్నది సరిగ్గా అదే. ఎక్కడ పోయింది? "కానీ" దగ్గర పోయింది. పేరా అక్కడ మలుపు తిరిగింది, ఎత్తి రాసినవాడు తిరగలేదు. చివర్లో చేరిన "కూడా" మిగిలిన పని పూర్తి చేసింది. ముందు చేయాల్సిన పనిని అది అదనపు పనిగా మార్చేసింది.

ఇంకో రకం తొందర ఉంది. "పూడిక తీయడం దండగ అని రచయిత వాదన." మలుపు దొరికింది, కానీ మోతాదు పెరిగింది. పూడిక మంచిదేనని ఆయన స్పష్టంగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును మింగేస్తే ఆయనను లేనిపోని తగాదాలోకి దింపినట్టే.

ఇప్పుడు ఇది చూడండి: "పూడిక తీయడం మంచిదే అయినా, పైనుంచి నీరు తెచ్చే కాలువ మూసుకుపోయి ఉంటే చెరువు నిండదు, అందువల్ల చాలా చోట్ల ముందు బాగుచేయాల్సింది కాలువనే." ఒకే వాక్యం. గొలుసుకట్టు అన్న మాట పోయింది, కానీ అది చేసే పని "పైనుంచి" అన్నదానిలో మిగిలింది. ట్రాక్టర్లు, ఒండ్రు, రైతుల సంతోషం పోయాయి. అవి వాదనకు సాక్ష్యం మాత్రమే. "చాలా చోట్ల" అన్నది ఉండిపోయింది, ఉండి తీరాలి. అన్ని చోట్లా అని రచయిత అనలేదు.

ఇక్కడ తెలుగులో చదివేవాళ్లు, రాసేవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, రచయితకు ఎంత నమ్మకం ఉందన్నది ఆ క్రియ తోకలో ఉంటుంది. దిగుబడి తగ్గుతుంది, తగ్గవచ్చు, తగ్గేలా ఉంది, తగ్గుతుందంటారు, తగ్గిందట. అయిదూ అయిదు రకాల పూచీలు. వేగంగా చదివే కన్ను వాక్యం మొదట్లో విషయం పట్టుకుని, చివరికొచ్చేసరికి పక్క వాక్యంలోకి దూకేస్తుంది. అలా "తగ్గవచ్చు" కాస్తా సారాంశంలో "తగ్గుతుంది" అయి కూర్చుంటుంది. ఆరోగ్యం, పంటలు, డబ్బు గురించిన వ్యాసాల సారాంశాల్లో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ తోక తెగడం వల్ల వచ్చినవే. కాబట్టి రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు వాక్యాల మధ్యలో కాకుండా రెండు చోట్ల ఆడనివ్వండి: కానీ, అయితే, అయినా, కాబట్టి, అందుచేత లాంటి మాటల చుట్టూ ఒక సున్నా, వాక్యం చివరి క్రియ కింద ఒక గీత.

మొదటిసారి చదివేటప్పుడు మాత్రం పెన్సిలు ముట్టుకోవద్దు. ఏది ముఖ్యమో ఇంకా తెలియనప్పుడు గీసిన గీతలు తర్వాత కళ్లకు అడ్డం పడతాయి. రచయిత ఎక్కడికి వెళుతున్నాడో తెలుసుకోవడానికి మాత్రమే ఒకసారి చివరిదాకా చదవండి.

రెండు చదువులూ అయ్యాక పుస్తకం మూసేయండి. ఫోన్‌లో చదువుతుంటే ఫోన్ బోర్లా పెట్టండి. ఈ అధ్యాయంలో ఒక్క సలహానే పాటిస్తానంటే ఇది పాటించండి. మూలం కళ్ల ముందుంటే దాని వాక్యాలు మీ చేతిని లాగుతూనే ఉంటాయి. అర్థం కాని చోట కూడా ఎత్తి రాసి గట్టెక్కేయొచ్చు. మూసేశాక ఆ సౌకర్యం ఉండదు. అర్థమైనంత మేరకే కలం కదులుతుంది, అర్థం కానిచోట ఆగుతుంది. ఆగిన చోటే మీరు మళ్లీ చదవాల్సిన చోటు.

మూసిన వెంటనే రాయడానికి చెయ్యి రాకపోతే నోటితో చెప్పండి. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. "ఏదో చదువుతున్నావ్, ఇంతకీ ఏమంటాడు?" అని అడిగినట్టు ఊహించుకుని జవాబివ్వండి. ఆ "ఇంతకీ" చాలా పదునైన ప్రశ్న. దానికి ఎవరూ "మొదటి పేరాలో ఇలా చెప్పాడు, రెండో పేరాలో అలా చెప్పాడు" అని జవాబివ్వరు. నేరుగా విషయంలోకి వస్తారు. అలా వచ్చిన మాటే మీ సారాంశంలో మొదటి వాక్యం. మిగతావి దానికి ఆధారాలుగా, షరతులుగా, మినహాయింపులుగా వెనక చేరతాయి. మూలంలో ఆ మాట చివరి పేజీలో ఉన్నా సరే, మీరు ముందుకు తెచ్చుకోవచ్చు. వాదన తీరు మార్చకూడదు గానీ, వరస మార్చే హక్కు మీకుంది.

ఎవరికోసం రాస్తున్నారన్నది మారితే ఉంచాల్సినవీ మారిపోతాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టాన్నే తీసుకోండి. "దరఖాస్తు పెడితే 30 రోజుల్లో ఏ సమాచారమైనా ఇచ్చి తీరాలి" అని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. చట్టం అలా అనలేదు. ఊళ్లో రోడ్డు పని లెక్కలు అడగాలనుకునే మనిషికి నేనైతే ఇలా రాసిస్తాను: "దరఖాస్తు అందిన 30 రోజుల్లోగా సమాచారం ఇవ్వాలి, లేదా చట్టంలోని ఏ మినహాయింపు కింద ఇవ్వడం లేదో చెప్పాలి. ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే గడువు 48 గంటలు. ఎందుకు అడుగుతున్నారో మీరు చెప్పనక్కర్లేదు. గడువులోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబుతో తృప్తి లేకపోయినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు."

అదే చట్టం గురించి, ఏదైనా ప్రభుత్వ కార్యాలయంలో కొత్తగా ప్రజా సమాచార అధికారి కుర్చీలో కూర్చున్న ఉద్యోగికి రాయాలంటే: "గడువు దరఖాస్తు అందిన రోజు నుంచి మొదలు. అడిగినది వేరే కార్యాలయానికి సంబంధించినదైతే 5 రోజుల్లోగా అక్కడికి బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలపాలి. నిరాకరిస్తే కారణం, అప్పీలు ఎవరికి, ఎప్పటిలోగా చేసుకోవాలో రాయాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలు మించకుండా జరిమానా ఉంటుంది."

రెండూ ఒకే చట్టంలోంచి వచ్చాయి. ఒకదానిలో ఉన్నది రెండోదానిలో దాదాపు లేదు. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఎక్కడా గొడవ రాదు. మీరు ఏరుకున్న తీరు నిజాయితీగా ఉందా అని తెలుసుకోవడానికి ఇది మంచి పరీక్ష. ఇద్దరు వేరువేరు పాఠకులకు రాసిన రెండు సారాంశాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటే, ఎక్కడో ఒకచోట మీరు మీ అభిప్రాయం కలిపారన్నమాట.

ఎదుటివాడి ప్రశ్నను బట్టి సారాంశం రాయాలన్నదానికి మన దగ్గర చాలా పాత ఉదాహరణ ఉంది. వాల్మీకి రామాయణం 24,000 శ్లోకాలని ప్రసిద్ధి. అంత కావ్యానికీ మొదట్లోనే, బాలకాండ తొలి సర్గలో, నారదుడు కథంతా నూరు శ్లోకాల్లో చెప్పేస్తాడు. దాన్నే సంక్షేప రామాయణం అని ఇప్పటికీ ఇళ్లలో పారాయణ చేస్తారు. నారదుడు ఉన్నట్టుండి కథ మొదలుపెట్టలేదు. ఈ కాలంలో, ఈ లోకంలో సద్గుణాలన్నీ ఉన్న మనిషి ఎవరని వాల్మీకి అడిగాడు, దానికి జవాబుగా చెప్పాడు. అందుకే ఆ నూరు శ్లోకాల్లో కూడా ముందు రాముడి గుణాలకు చోటు దొరికింది, ఆ తర్వాతే పట్టాభిషేకం దగ్గర కథ అందుకుంది. విశ్వామిత్రుడి యాగం, శివధనుస్సు అక్కడ కథగా నడవవు. అడిగిన ప్రశ్నకు వాటి అవసరం పడలేదు.

దీని పక్కనే మనందరికీ తెలిసిన రామాయణం ఇంకొకటుంది: కట్టె, కొట్టె, తెచ్చె. మూడు క్రియల్లో వారధి, యుద్ధం, సీత. ఎంత ముచ్చటగా ఉన్నా ఇది కథ తెలిసినవాళ్లకే పనికొస్తుంది. ఏం కట్టాడు, ఎవరిని కొట్టాడు, ఎవరిని తెచ్చాడు అన్నవి వినేవాడి బుర్రలో ముందే ఉండాలి. పరీక్షకు చదువుకునేటప్పుడు మార్జిన్‌లో రాసుకునే గుర్తులు ఇలా ఉంటే సరిపోతుంది. ఇతరులకు ఇచ్చేదానిలో మాత్రం కర్తలు, కర్మలు ఉండాలి. ఆఫీసుల్లో మీటింగ్ మినిట్స్ చాలాసార్లు ఇలాగే తయారవుతాయి: "చర్చించారు, నిర్ణయించారు, ఆదేశించారు." ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్న రెండూ లేకపోతే ఆ కాగితం మీటింగ్‌కు రాని మనిషికి దేనికీ పనికిరాదు.

కథలూ నవలలూ అయితే సమస్య వేరు. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' చిన్న కథ. దాని సంఘటనలు వరసగా పేర్చడం తేలిక. అర్ధరాత్రి దాటాక భర్త ఇంటికొస్తాడు, భార్య కనిపించదు, నౌకరు మీద విరుచుకుపడతాడు, ఉత్తరం దొరుకుతుంది, పశ్చాత్తాపపడతాడు, చివరికి మంచం కింది నుంచి నవ్వు వినిపిస్తుంది. ఇలా రాస్తే జరిగింది తెలిసింది, కథ తెలియలేదు. "సానిపాటల మోజులో ఇల్లు పట్టని చదువుకున్న భర్తను, పుట్టింటికి వెళ్లిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టి, ఇంట్లోనే దాక్కున్న భార్య దారికి తెస్తుంది" అంటే ఎవరు ఎవరిని ఎందుకు కదిలించారో తెలుస్తుంది. కథకు సారాంశం రాసేటప్పుడు "ఆ తర్వాత" అన్న మాట మీకు ఎన్నిసార్లు అవసరమవుతోందో చూసుకోండి. అది తగ్గి "అందువల్ల", "అయినా" పెరిగితే సరైన దారిలో ఉన్నట్టు. చివరి మలుపు చెప్పాలా వద్దా అన్న సందేహం పుస్తక పరిచయానికి ఉంటుంది. సారాంశానికి లేదు, చెప్పాల్సిందే. మంచం కింది నవ్వు దాచేస్తే ఆ కథలో ఇల్లు వదిలిపోయిన భార్య మాత్రమే మిగులుతుంది.

పోటీ పరీక్షల కోసం ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. సివిల్స్ మెయిన్స్‌లో భారతీయ భాష పేపరుకు 300 మార్కులు. 25 శాతం వస్తే గట్టెక్కినట్టే, ర్యాంకుకు ఆ మార్కులు కలపరు. అందుకే చాలామంది దాన్ని చివరి వారానికి వదిలేస్తారు. అందులో ఇచ్చిన భాగాన్ని దాదాపు మూడో వంతుకు సొంత మాటల్లో కుదించమంటారు. ఉదాహరణలు, ఉపమానాలు, ఒకే సంగతిని రెండోసారి చెప్పిన వాక్యాలు తీసేస్తేనే సగం తగ్గిపోతుంది. మిగతా తగ్గింపు రెండు వాక్యాలను ఒకటి చేయడం వల్ల వస్తుంది. "చేసిన", "ఉన్నందువల్ల", "అయినప్పటికీ" లాంటి రూపాలతో మన భాష దీనికి బాగా ఒదుగుతుంది. మరీ నాలుగు వాక్యాలు కలిపేసి ఊపిరి ఆడనివ్వకుండా చేయకండి.

పెద్ద నివేదికలకు, పుస్తకాలకు అధ్యాయానికో వాక్యం రాసుకుని మొదలుపెట్టడం మంచి పద్ధతి. కాకపోతే పన్నెండు అధ్యాయాలకు పన్నెండు వాక్యాలు అలాగే ఉంచేయకూడదు. వాటిలో రెండు మూడు మాత్రమే అసలు భారం మోస్తుంటాయి. మిగిలినవి వాటి వెనక ఒక్క వాక్యంలో సర్దుకుంటాయి. అంకెల విషయంలోనూ ఇంతే: ఏ అంకె తీసేస్తే వాదన కూలిపోతుందో దాన్ని ఉంచండి, దేనితో పోల్చి చెప్పారో ఆ అంకెను కూడా ఉంచండి. "40 శాతం పెరిగింది" అన్న మాట, ఏ సంవత్సరం మీద పెరిగిందో లేకపోతే, ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇప్పుడు ఈ పని యంత్రాలూ చేస్తున్నాయి. ఫైలు ఎక్కిస్తే క్షణాల్లో అయిదు పాయింట్లు వస్తాయి. వాడుకోండి, తప్పేం లేదు. కానీ అందులోని పేర్లు, అంకెలు, "కానీ"లు మూలంలో ఉన్నాయో లేదో చూడకుండా మీ సంతకంతో ముందుకు పంపకండి. మూలంలో లేని సంగతి కూడా అవి అంతే నున్నగా రాయగలవు. పైగా మీరు ఒక్కసారైనా చదవకపోతే ఏది పోయిందో మీకెలా తెలుస్తుంది?

రాయడం అయ్యాక మళ్లీ మూలం తెరవండి. పేర్లు, తేదీలు, అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూడండి. క్రియల తోకలు చూడండి. రచయిత అభిప్రాయాన్ని మీ అభిప్రాయంలా, మీ అభిప్రాయాన్ని రచయిత అన్నట్టు ఎక్కడైనా రాశారేమో చూడండి. అనుమానం ఉన్నచోట "రచయిత ప్రకారం" అని చేర్చండి. ఆఫీసు పనైతే, ముఖ్యమైన వాక్యం పక్కన మూలంలోని పేజీ నంబరు వేయండి. లా రిపోర్టుల్లో తీర్పు పైన హెడ్‌నోట్ ఉంటుంది, అది తీర్పులో భాగం కాదు. అనుభవమున్న లాయరు దాన్ని పట్టుకుని అసలు పేరా దగ్గరికి వెళతారు తప్ప దాని మీదే ఆగిపోరు. మీ సారాంశం చదివినవాళ్లకూ ఆ దారి తెరిచి ఉంచండి.

ఇక సాధన. రేపటి పత్రికలో ఒక సంపాదకీయం తీసుకోండి. మీకు నచ్చిన అభిప్రాయం ఉన్నది వద్దు, చదువుతుంటే ఒళ్లు మండేది ఎంచుకోండి. రెండుసార్లు చదివి, పత్రిక మడిచి పక్కన పెట్టి, అయిదు వాక్యాల్లో రాయండి. వాటిని రెండు చేయండి, ఆ రెండింటినీ ఒకటి చేయండి. వెటకారం, "పాపం", "అట", "తెగ" లాంటి మాటలు ఎక్కడైనా దొర్లి ఉంటే కొట్టేయండి. ఆ తర్వాత ఆ ఒక్క వాక్యాన్ని, ఆ సంపాదకీయంతో పూర్తిగా ఏకీభవించే స్నేహితుడికో బంధువుకో చూపించండి. "అవును, ఆయన అన్నది ఇదే" అని వాళ్లు అనే దాకా దిద్దుతూనే ఉండండి. మీ వాదన ఏదైనా ఉంటే అప్పుడు మొదలుపెట్టవచ్చు.